గాజు గిన్నెలో కలిసినంత మాత్రాన హైబ్రిడ్ అవుతుందా?

అడిగిన ప్రశ్న ఇది: "మా పెళ్లయి ఆరేళ్లు. నాకు 32, మా ఆయనకు 36. నాకు ట్యూబులు రెండూ మూసుకుపోయాయి, ఐవీఎఫ్ చేయించుకోమన్నారు. మా అత్తమ్మ సీడు పత్తి (విత్తనం కోసం వేసే పత్తి) చేసిన మనిషి. 'అది హైబ్రిడ్ పని. హైబ్రిడ్ కాయకు రుచి ఉండదు, దాని గింజ దాచి నాటితే పంట సరిగా రాదు, అట్లాంటి పిల్లలు మనకెందుకు' అంటున్నది. ఆమెకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నిజానికి ఆ తేడా నాకూ తెలియదు. సంకరం చేయడమంటే ఏమిటి, ఐవీఎఫ్ అంటే ఏమిటి, అర్థమయ్యేలా చెప్పగలరా?"

అమ్మా, మాది గద్వాల దగ్గర పల్లె. పదకొండేళ్ల వయసులో సెలవుల్లో సీడు పత్తిలో క్రాసింగ్ చేసేవాణ్ణి. ఇరవై రెండేళ్లుగా ఐవీఎఫ్ ల్యాబులో ఎంబ్రియాలజిస్టుగా, అంటే పిండాల్ని చూసుకునే మనిషిగా, పని చేస్తున్నాను. మీ అత్తమ్మ చేసిన పనీ నా చేతులకు తెలుసు, మీకు జరగబోయే పనీ తెలుసు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక్క ముక్క చెప్పేస్తాను. సంకరం, అంటే హైబ్రిడ్ చేయడం, ఎవరిని ఎవరితో కలిపారన్న సంగతి. ఐవీఎఫ్ అంటే ఎక్కడ కలిపారన్న సంగతి. పత్తి పువ్వులో సంకరం జరుగుతుంది గానీ ఆ కలయిక చెట్టు మీదే, పువ్వు లోపలే జరుగుతుంది, గాజు గిన్నె ఊసే లేదు. మీ విషయంలో గిన్నె ఉంటుంది, సంకరం ఉండదు. మీ అత్తమ్మ రెండింటినీ ఒకే గాట కట్టేశారు. ఆమెనని ఏం లాభం, పేపర్లు కూడా అదే పని చేస్తుంటాయి.

పత్తి సంగతి చెబుతాను. పత్తి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. వదిలేస్తే చాలావరకు తన పుప్పొడితో తానే కాయ కడుతుంది. సీడు రైతుకు అలా కాకూడదు. ఆడ వరుసల్లో ఒక రకం, మగ వరుసల్లో ఇంకో రకం వేస్తారు. మధ్యాహ్నం దాటాక, మర్నాడు విచ్చబోయే మొగ్గలు చూసుకుని, బొటనవేలి గోటితో రేకుల్నీ పుప్పొడి గొట్టాన్నీ కలిపి ఒక్క తిప్పుతో ఒలిచేస్తాం. లోపలున్న పిందెకు గోరు తగలకూడదు, మధ్యలో నిలబడే కీలాగ్రం, అంటే పుప్పొడిని అందుకునే ఆడ భాగం కొస, విరగకూడదు. గుర్తు కోసం ఎర్ర కాగితం తొడుగుతాం. తెల్లారి ఎండ ముదరక ముందే మగ వరుసల పువ్వులు కోసుకొచ్చి, వాటి పుప్పొడిని ఆ కీలాగ్రాలకు రాస్తాం. ఎకరంలో వేల పువ్వులు. ఒక్కొక్కటీ చేత్తోనే. ఈ పనికి చిన్నపిల్లల వేళ్లు బాగుంటాయని, ఎత్తు సరిపోతుందని, వాళ్లతో చేయించేవారు. అది తప్పు. నా చదువు ఆగకపోవడం నా అదృష్టం, నాతో వరుస పట్టిన చాలామందికి ఆ అదృష్టం లేదు. అది వేరే కథ, ఇక్కడ వద్దు.

ప్రపంచంలో రైతుల చేతికి వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి మన దేశంలోదే. 1970లో సూరత్ పరిశోధన కేంద్రం నుంచి సి.టి. పటేల్ విడుదల చేసిన హెచ్-4. మిగతా దేశాలకు తెలివి లేక కాదు, పువ్వు పువ్వునూ చేత్తో క్రాస్ చేసేంత కూలీ ఖర్చు వాళ్లకు గిట్టలేదు.

మరి ఇంత శ్రమ ఎందుకు? తేడా ఉన్న రెండు వంశాల్ని కలిపితే మొదటి తరం మొక్క తల్లిదండ్రులిద్దరికంటే ఏపుగా పెరిగి ఎక్కువ కాస్తుంది. సంకర తేజం అంటారు దాన్ని. ఇక మీ అత్తమ్మ అన్న రెండో మాట, ఆ గింజ దాచుకుని మళ్లీ నాటితే పంట సరిగా రాదన్నది. ఆ మాట అక్షరాలా నిజం. ఆమె చూసి చెబుతున్నదే. కాకపోతే కారణం గింజ బలహీనం కావడం కాదు. మెండెల్ 1866లో బఠాణీల మీద అచ్చువేసిన లెక్కే ఇక్కడా పని చేస్తుంది. పొడుగు మొక్కను పొట్టి మొక్కతో కలిపితే మొదటి తరంలో అన్నీ పొడుగే. ఆ పొడుగువాటి గింజ నాటితే మళ్లీ నాలుగింట ఒకటి పొట్టిది బయటపడుతుంది. మొదటి తరంలో దాగిన గుణం రెండో తరంలో విడిపోతుంది. పత్తిలో ఇలాంటి గుణాలు వందలు. అన్నీ విడివిడిగా చెదిరిపోయేసరికి చేను ఎగుడుదిగుడుగా, ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకే ఏటా కొత్త ప్యాకెట్ కొనాలి.

రుచి మాటకొస్తే, టమాటాకు రుచి పోయింది సంకరం చేసినందుకు కాదు. లారీలో నలగకూడదు, వారం రోజులు కుళ్లకూడదు అని గట్టి తోలు కాయల్ని ఏరుకున్నందుకు. ఏరుకున్నది మనం, తిట్లు సంకరానికి.

జంతువుల్లో సంకరానికి అందరూ చెప్పే ఉదాహరణ కంచర గాడిద. మగ గాడిదకూ ఆడ గుర్రానికీ పుడుతుంది. వంశ లక్షణాల్ని మోసే పోగుల్ని క్రోమోజోములు అంటారు. గుర్రానికి అవి 64, గాడిదకు 62. సగం సగం కలిసి కంచర గాడిదకు 63 వస్తాయి. బేసి సంఖ్య. అండాలు, వీర్యకణాలు తయారయ్యేటప్పుడు క్రోమోజోములు జంటలు కట్టి విడిపోవాలి. ఇక్కడ జంటలు సరిగా కుదరవు. అందుకే కంచర గాడిద బరువు మోయడానికి మొండిఘటమే గానీ దానికి పిల్లలు పుట్టడం దాదాపు ఉండదు. హైబ్రిడ్ అంటే గొడ్డు అన్న భయం జనంలోకి వచ్చింది ఇలాంటి వాటిని చూసే.

కానీ అన్ని సంకరాలూ అంతే కాదు. మన పాల డెయిరీలకు పాలు పోసే జెర్సీ క్రాస్ ఆవుల్ని చూడండి. జెర్సీకీ మన దేశవాళీ ఆవుకీ క్రోమోజోములు 60 చొప్పునే. వాటి దూడలు శుభ్రంగా ఈనుతాయి. అమెరికాలో బ్రాహ్మన్ అనే పశుజాతిని మన దేశం నుంచి వెళ్లిన ఒంగోలు, గిర్ లాంటి జాతుల్ని కలిపే తయారు చేశారు. ఈనాటికీ మందలు మందలుగా పెరుగుతున్నాయి.

ఇంకో సంగతి కూడా ఉంది, మొహమాటం లేకుండా చెప్పాలి. మన భాషలో 'సంకరం' అన్న మాటకు ఒక మరక అంటింది. భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు భయపడేదే వర్ణసంకరం గురించి. కులం తప్పడం, మైల పడడం లాంటి అర్థాలు ఆ మాట వెంట నడుస్తాయి. మొక్కల శాస్త్రంలో ఆ మాటను వాడేటప్పుడు ఆ మైల ఏమీ లేదు. మీ అత్తమ్మ ఇబ్బందిలో సగం పత్తి చేనుదైతే, ఇంకో సగం ఈ మాటదని నా అనుమానం.

శాస్త్రంలో ఈ మాటను ఇంకా రెండు మూడు చోట్ల వాడతారు, వాటితో మనకు పెద్ద పని లేదు. ఇంటర్ కెమిస్ట్రీలో సంకరీకరణం అంటే ఒకే పరమాణువులోని ఆర్బిటాళ్లు (ఎలక్ట్రాన్లు ఉండే చోట్లు) కలిసి కొత్త ఆకారం తీసుకోవడం. మీథేన్‌లో కార్బన్ చుట్టూ నాలుగు బంధాలు సమానంగా పరుచుకోవడానికి చెప్పే లెక్క అది, జీవంతో సంబంధం లేదు. డీఎన్‌ఏ హైబ్రిడైజేషన్ అంటే విడిపోయిన రెండు పోగులు తమ జోడును వెతుక్కుని అతుక్కోవడం. ఒకప్పుడు పిండాల్లో క్రోమోజోములు లెక్కపెట్టడానికి మా ల్యాబుల్లో ఈ పద్ధతి వాడేవారు.

ఒక్కటి మాత్రం చెప్పి తీరాలి. 1975లో కోలర్, మిల్‌స్టీన్ అనే ఇద్దరు, యాంటీబాడీ (రోగాలతో పోరాడే ప్రొటీన్) తయారుచేసే కణాన్నీ ఆగకుండా పెరిగే క్యాన్సర్ కణాన్నీ కలిపి ఒకే కణం చేశారు. దాని పేరు హైబ్రిడోమా. ఒకే రకం యాంటీబాడీని ఎంత కావాలంటే అంత ఇస్తుంది. 1984లో వాళ్లకు నోబెల్ వచ్చింది. మెడికల్ షాపులో కొనే ప్రెగ్నెన్సీ కిట్‌లో గీత పడేది ఇలా తయారైన యాంటీబాడీల వల్లే. అంటే ఈ మొత్తం వ్యవహారంలో హైబ్రిడ్ అనేది ఎక్కడైనా ఉందంటే అది ఆ కిట్‌లో ఉంది, కడుపులో కాదు. మామూలుగా గర్భం వచ్చిన మీ ఆడపడుచు కూడా ఆ కిట్టే వాడి ఉంటుంది.

ఇక ఐవీఎఫ్.

మామూలుగా నెలకో అండం అండాశయం నుంచి వెలువడుతుంది, ట్యూబు దాన్ని అందుకుంటుంది. వీర్యకణం వచ్చి కలిసేది ఆ ట్యూబులోనే. కలిసిన తర్వాత పిండం ట్యూబులోనే విభజన చెందుతూ మెల్లగా దొర్లుకుంటూ నాలుగైదు రోజులకు గర్భాశయం చేరుతుంది. మీకు ఆ దారి మూసుకుపోయింది. అండం ఉంది, వీర్యం ఉంది, గర్భాశయం ఉంది, మధ్యలో వంతెన కూలింది. ఐవీఎఫ్ ఆ వంతెన చేసే పని ఐదు రోజులు చేసిపెడుతుంది. ఫలదీకరణం, అంటే అండం, వీర్యకణం కలవడం నుంచి కాన్పు దాకా సుమారు 266 రోజులు. అందులో ల్యాబులో గడిచేవి 5. మిగతా 261 మీ కడుపులోనే.

ఈ వైద్యం పుట్టిందే మీలాంటి సమస్య కోసం. ఇంగ్లండులో లెస్లీ బ్రౌన్ అనే ఆవిడకు కూడా ట్యూబులే మూసుకుపోయాయి. పాట్రిక్ స్టెప్టో అనే డాక్టరు, రాబర్ట్ ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త, జీన్ పర్డీ అనే నర్సు ముగ్గురూ కలిసి ఆమె ఒకే ఒక్క అండాన్ని బయటికి తీసి, భర్త వీర్యంతో కలిపి, తిరిగి ఆమె గర్భాశయంలో పెట్టారు. 1978 జూలై 25న ఓల్డమ్‌లో లూయిస్ బ్రౌన్ పుట్టింది. ఎడ్వర్డ్స్‌కు నోబెల్ 2010లో వచ్చింది. అప్పటికి మిగతా ఇద్దరూ లేరు. పర్డీ పేరు చాలాకాలం ఎవరూ ఎత్తనే లేదు. గిన్నెలో ఆ పిండం విడిపోవడాన్ని ముందుగా చూసింది ఆవిడే. మా వృత్తిలో మేం ఆమెను మా మొదటి మనిషిగా లెక్కపెట్టుకుంటాం.

అదే ఏడాది అక్టోబరు 3న కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ చేతుల మీదుగా మన దేశంలో మొదటి ఐవీఎఫ్ బిడ్డ పుట్టింది. పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత వాడారాయన. అప్పటికి మనిషి పిండంతో ప్రపంచంలో ఎవరూ అది చేసి చూపలేదు. ప్రభుత్వ కమిటీ నమ్మలేదు, ఎగతాళి చేసింది. విదేశాలకు వెళ్లి చెప్పుకోనివ్వలేదు. 1981లో ఆయన ప్రాణం తీసుకున్నారు. 1986లో ముంబైలో ఇందిరా హిందుజా, టి.సి. ఆనంద్ కుమార్‌ల బృందం బిడ్డను పుట్టించినప్పుడు దేశంలో మొదటి టెస్ట్ ట్యూబ్ బేబీ అని రాశారు. తర్వాత ఆనంద్ కుమారే ముఖర్జీ కాగితాలు చూసి, మొదటివాడు ఆయనేనని 1997లో బాహాటంగా చెప్పారు. తన పేరు మీదున్న ఘనతను తానే తీసి ఇంకొకరికి ఇవ్వడం. సైన్సులో నాకు బాగా నచ్చిన సంఘటనల్లో అదొకటి.

అందరూ టెస్ట్ ట్యూబ్ బేబీ అంటారు గానీ పిండం పెరిగేది టెస్ట్ ట్యూబులో కాదు. పేరులోని విట్రో అన్న లాటిన్ మాటకు గాజు అని అర్థం, కానీ ఇప్పుడు వాడే గిన్నె గాజుది కూడా కాదు. పప్పు గిన్నె మూతంత ప్లాస్టిక్ డిష్. కౌరవులు నూరుగురూ నేతి కుండల్లో పుట్టారు కాబట్టి ఇది మనకెప్పుడో తెలుసని కొందరు పెద్దలు సభల్లో అంటుంటారు. కథగా నాకూ ఇష్టమే. కానీ ఇంక్యుబేటర్‌లో అర డిగ్రీ పెరిగితే రాత్రి నిద్ర పట్టని ఉద్యోగం చేసే నాకు, నేతి కుండ అనగానే నవ్వొస్తుంది.

మీకు జరిగేది ఇలా ఉంటుంది. నెలసరి రెండో రోజో మూడో రోజో ఇంజెక్షన్లు మొదలవుతాయి. మామూలుగా శరీరం నెలకు ఒక్క అండాన్ని ఎదగనిచ్చి మిగతావాటిని ఎండబెట్టేస్తుంది. ఈ హార్మోను ఆ ఎండిపోయేవాటిని కూడా ఎదగనిస్తుంది. ఇక్కడ చాలామంది అడుగుతారు, నా అండాలు ముందే అయిపోతాయా అని. అయిపోవు, ఆ నెల ఎలాగూ పోయేవే ఇవి. పది పన్నెండు రోజుల్లో మూడు నాలుగు స్కానులు చేస్తారు. ఫోలికల్స్, అంటే అండాలుండే నీటి సంచులు, 17, 18 మిల్లీమీటర్లు దాటాక, అండాల్ని పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ ఇస్తారు. దీని టైము మాత్రం నిమిషాలతో సహా పాటించాలి. రాత్రి పదిన్నర అంటే పదిన్నరే. పెళ్లి భోజనంలో ఉన్నాం, ఇంటికొచ్చి వేసుకున్నాం అంటే కుదరదు. సుమారు 35 గంటల తర్వాత అండాలు బయటికి తీస్తారు. ముందే తీస్తే పక్వం కావు, ఆలస్యమైతే విడుదలై పోతాయి. సాయంత్రం మొగ్గ ఒలిచి తెల్లారి పుప్పొడి రాసినట్టే, ఇక్కడా గడియారమే యజమాని.

తీసే రోజు మీకు మత్తు ఇస్తారు, నొప్పి తెలియదు. స్కాను చూస్తూ యోని గుండా సన్నటి సూదితో ఒక్కో ఫోలికల్‌లోని ద్రవాన్ని లాగుతారు. ఆ ట్యూబులు వేడి పోకుండా పక్క గదిలో ఉన్న మా చేతికి వస్తాయి. మైక్రోస్కోపు కింద పోసి వెతుకుతాం. మబ్బు తునకలాంటి జిగురు కనిపిస్తుంది, దాని మధ్యలో చుక్క. అదే అండం. మిల్లీమీటరులో పదో వంతు ఉంటుంది, కంటికి లీలగా ఆనే సైజు. శరీరంలోని గుండ్రటి కణాల్లో అన్నిటికంటే పెద్దవాటిలో అదొకటి. మొదటిసారి చూసిన రోజు నేను భోజనానికి వెళ్లడం మరిచిపోయాను.

ఇక్కడి నుంచి తగ్గుదల మొదలవుతుంది, ముందే మనసును సిద్ధం చేసుకోండి. ఉదాహరణకు పన్నెండు అండాలు వస్తే తొమ్మిదే పక్వమైనవి కావచ్చు, ఆరే ఫలదీకరణం కావచ్చు, ఐదో రోజుకు మూడే మిగలొచ్చు. రోజూ ఫోను చేసి సంఖ్య తగ్గిందని చెప్పడం మా పనిలో నాకు ఇష్టం లేని భాగం. ఎవరి తప్పూ కాదు. ప్రకృతిలో కూడా కలిసిన పిండాల్లో చాలావరకు నెలసరి తప్పకముందే పోతాయి, మనకు తెలియదంతే.

ఫలదీకరణం రెండు రకాలుగా చేస్తాం. మొదటిది అసలు ఐవీఎఫ్. అండం చుట్టూ బాగా కదిలే వీర్యకణాల్ని యాభై వేలో లక్షో వదులుతాం. ఏది లోపలికి పోవాలో అవే తేల్చుకుంటాయి. రెండోది ఇక్సీ. ఒక్క వీర్యకణాన్ని సన్నటి గాజు సూదిలోకి తీసుకుని అండంలోకి నేరుగా దింపుతాం. 1992లో బ్రస్సెల్స్‌లో మొదలైంది. వీర్యకణాలు బాగా తక్కువున్న మగవాళ్లకు ఇది వరం. మీ ఆయన రిపోర్టు బాగుంటే మాత్రం ఇక్సీ ఎందుకు అని అడగండి. ఇప్పుడు చాలాచోట్ల అవసరం ఉన్నా లేకున్నా అందరికీ చేసేస్తున్నారు, బిల్లు పెరుగుతుంది. ఇది నా వృత్తివాళ్లకు నచ్చని మాటే, అయినా చెబుతున్నాను.

మర్నాడు ఉదయం, అంటే 16 నుంచి 18 గంటల తర్వాత, డిష్ బయటికి తీసి చూస్తాం. అండం లోపల రెండు గుండ్రటి బుడగలు పక్కపక్కన కనిపించాలి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఒక్కోదానిలో 23 క్రోమోజోములు. కాసేపటికి రెండూ కలిసి 46. మీ అత్తమ్మకు చూపించాల్సిన దృశ్యం అదీ. అందులో ఇంకెవరూ లేరు. రెండో రోజుకు నాలుగు కణాలు, మూడో రోజుకు ఎనిమిది, ఐదో రోజుకు వంద దాటి మధ్యలో నీటి ఖాళీ ఉన్న బంతిలా అవుతుంది, దాన్ని బ్లాస్టోసిస్ట్ అంటాం. అప్పుడు సన్నటి మెత్తటి గొట్టంతో గర్భాశయంలో వదులుతారు. దీనికి మత్తు కూడా అక్కర్లేదు. మిగిలిన మంచి పిండాల్ని మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో దాస్తాం. పది పన్నెండు రోజుల తర్వాత రక్త పరీక్ష. ఆ రోజుల్లో మంచం మీదే పడుకోనక్కర్లేదు. బొప్పాయి మాన్పించినా, మెట్లెక్కవద్దన్నా, అదంతా పెద్దవాళ్ల టెన్షన్.

ఐవీఎఫ్, సంకరం నిజంగా ఒక చోట కలుస్తాయి. అది చెప్పకపోతే సమాధానం నిజాయితీగా ఉండదు.

అండం చుట్టూ ఒక మందపాటి పొర ఉంటుంది. వేరే జాతి వీర్యకణాన్ని గుమ్మంలోనే ఆపే కాపలాదారు అది. 1976లో యానగిమాచి అనే శాస్త్రవేత్త బృందం హామ్‌స్టర్ అనే ఎలుకలాంటి జంతువు అండానికి ఆ పొర తీసేస్తే మనిషి వీర్యకణం లోపలికి వెళ్లగలదని చూపింది. తర్వాత చాలాకాలం మగవాళ్ల వీర్యం పని చేస్తుందా లేదా అని చూడడానికి ఆ పరీక్షను వాడారు. అందులోంచి పిండం ఎదగదు, ఎదగనివ్వరు కూడా. ఇప్పుడు ఆ పరీక్ష మూలపడింది. ఈ కథ వల్ల నాకు తెలిసింది ఏమిటంటే, సంకరం కాకుండా చూసే కాపలా అండానికే ఉంది.

రెండోది ఖడ్గమృగం. ఆఫ్రికాలో ఉత్తరపు తెల్ల ఖడ్గమృగాల్లో చివరి మగది, సుడాన్, 2018 మార్చిలో కెన్యాలో చనిపోయింది. మిగిలినవి రెండే, రెండూ ఆడవే. అదే ఏడాది శాస్త్రవేత్తలు దాచిన ఉత్తరపు మగదాని వీర్యాన్ని దక్షిణపు తెల్ల ఖడ్గమృగం అండంలోకి ఇక్సీ చేసి పిండాలు తయారు చేశారు. అవి నిజంగా సంకర పిండాలు, నిజంగా ల్యాబులో చేసినవి. ఎందుకు చేశారు? పద్ధతి చేతికి రావడానికి. మరుసటి ఏడాది మిగిలిన రెండు ఆడవాటిలో ఒకదాని అండాలతో అచ్చమైన ఉత్తరపు పిండాలు తయారు చేయగలిగారు. చూడండి, అదే గిన్నె, అదే సూది. ఒకసారి సంకరం, ఒకసారి శుద్ధ జాతి. తేడా గిన్నెలో లేదు, అందులో ఎవరిని పెట్టామన్న దాంట్లో ఉంది.

మన దగ్గర కూడా అంతే. 1990లో కర్నాల్ పాడి పరిశోధన సంస్థలో ప్రపంచంలోనే మొదటి ఐవీఎఫ్ గేదె దూడ పుట్టింది, పేరు ప్రథమ్. ఇవాళ పుంగనూరు లాంటి తగ్గిపోతున్న జాతుల్ని కాపాడాలన్నా పశువైద్యులు ఈ దారినే చూస్తున్నారు. పుంగనూరు ఆవు అండం, పుంగనూరు ఎద్దు వీర్యం కలిపి ఆ పిండాన్ని ఏ జెర్సీ క్రాస్ ఆవు గర్భంలోనో పెడితే పుట్టేది అచ్చమైన పుంగనూరు దూడే, పొట్టి కాళ్లతో సహా. అంటే ఐవీఎఫ్ జాతిని కల్తీ చేయడానికే కాదు, కల్తీ కాకుండా నిలబెట్టడానికీ పనికొస్తుంది. పశువుల్ని పెంచినవాళ్లకు ఈ ఉదాహరణ వెంటనే ఎక్కుతుంది. నేను మా పెద్దమ్మకు ఇలాగే చెప్పాను.

గొడ్డు పోతారేమోనన్న భయానికి కూడా జవాబుంది. లూయిస్ బ్రౌన్ చెల్లెలు నటాలీ కూడా ఐవీఎఫ్‌తోనే పుట్టింది. 1999లో ఆమెకు మామూలుగా గర్భం వచ్చి బిడ్డ పుట్టింది. లూయిస్‌కు కూడా మామూలుగానే పిల్లలు పుట్టారు. ప్రపంచంలో ఇప్పటికి కోటి మందికి పైగా ఇలా పుట్టారు. కొంచెం జాగ్రత్త పడాల్సినవి లేకపోలేదు. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువగా ఉండడం కాస్త ఎక్కువ, దానికి పెద్ద కారణం రెండు మూడు పిండాలు పెట్టి కవలల్ని తెచ్చుకోవడం. అందుకే మీ వయసుకు ఒక్క మంచి పిండమే పెట్టమనండి. ఇంకోటి, తండ్రిలో వై క్రోమోజోము లోపం వల్ల వీర్యకణాలు తక్కువుంటే, ఇక్సీతో పుట్టే కొడుక్కు అదే లోపం వస్తుంది. అది సంకరం కాదు, వారసత్వం.

దాత అండమో దాత వీర్యమో వాడితే సంగతి వేరు. అప్పుడు కూడా బిడ్డ హైబ్రిడ్ కాదు, మనిషికీ మనిషికీ పుట్టిన బిడ్డే. కానీ ఎవరి బీజం అన్న ప్రశ్నకు జవాబు మారుతుంది. మీకు చెప్పకుండా, రాతపూర్వకంగా మీ సంతకం లేకుండా అది చేయకూడదు. 2021 చట్టం ప్రకారం అండదాత వయసు 23 నుంచి 35 లోపు ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. చికిత్స తీసుకునే స్త్రీకి 50, పురుషుడికి 55 పరిమితి. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన పెద్దావిడ కవలల్ని కన్నప్పుడు ఊరంతా సంబరపడింది గుర్తుందా? దాత అండాలతో అది. ఇప్పుడు చట్టం ఒప్పుకోదు, నా లెక్కలో అది మంచిదే.

గద్వాల రైతుకు జీఓటీ అనే విత్తన పరీక్ష అంటే ఎంత టెన్షనో మీ అత్తమ్మను అడగండి. విత్తనం నాటి చూసి, స్వచ్ఛత లేదని కంపెనీ తేలిస్తే ఏడాది కష్టం పోతుంది. మా ల్యాబులో జీఓటీ ఉండదు, తప్పు జరిగితే దిద్దుకునే వీలూ ఉండదు. అందుకే ప్రతి డిష్ మీద, ప్రతి ట్యూబు మీద భార్యాభర్తల పేర్లు, నంబరు రాస్తాం. ఒక గిన్నె నుంచి ఇంకో గిన్నెకు మార్చే ప్రతిసారీ రెండో మనిషి నిలబడి చూసి సంతకం పెడతాడు. నేను కొత్తగా చేరిన రోజుల్లో ఒక చోట ఒక్కణ్ణే రాత్రి పని చేయమన్నారు, సాక్షి లేకుండా. మూడో వారానికి మానేశాను. మీరు వెళ్లే చోట 'విట్‌నెస్ ఎలా చేస్తారు' అని అడగండి. ఆ ప్రశ్నకు చిరాకు పడితే అక్కడినుంచి లేచి వచ్చేయండి. వందకు వంద గ్యారంటీ అన్నవాళ్ల దగ్గర నుంచి కూడా. మగబిడ్డే కావాలా అని అడిగితే అది నేరం, జైలు శిక్ష ఉంది.

మీ ఒక్కరి విషయంలో అడగాల్సింది ఇంకోటుంది. మూసుకుపోయిన ట్యూబుల్లో నీరు చేరిందా అని స్కానులో చూపించుకోండి. చేరి ఉంటే ఆ నీరు గర్భాశయంలోకి కారి పిండాన్ని అంటుకోనివ్వదు. ముందు ఆ ట్యూబును తీసేయడమో కట్టేయడమో చేసి, తర్వాత పిండం పెడితే ఫలితం బాగుంటుంది. చాలామంది రెండుసార్లు ఐవీఎఫ్ విఫలమయ్యాక గానీ ఈ మాట వినరు. అలాగే ఇంజెక్షన్ల తర్వాత పొట్ట బాగా ఉబ్బడం, ఆయాసం, మూత్రం తగ్గడం కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఫోను చేయాలి.

వెళ్లేటప్పుడు ట్యూబుల పరీక్ష ఫిల్మ్, అండాల నిల్వ ఎంతుందో చెప్పే మీ ఏఎంహెచ్ రిపోర్టు, ఆయన సెమెన్ (వీర్యం) రిపోర్టు మూడూ పట్టుకెళ్లండి. ట్రాన్స్‌ఫర్, అంటే పిండాన్ని గర్భాశయంలో పెట్టే రోజున చాలాచోట్ల దాన్ని టీవీ తెర మీద చూపిస్తారు. వీలైతే మీ అత్తమ్మను కూడా తీసుకెళ్లి, లోపలికి రానిస్తారేమో అడగండి.